చీర మీది బొమ్మ, చేతిలోని ఫోను

సూరత్‌లో లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా వైపు పోతే తెలుగు మాట చెవిన పడకుండా గల్లీ దాటలేరు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి సాంచెల (మరమగ్గాల) పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఇక్కడే పాతుకుపోయాయి. ఇక్కడి కార్పొరేషన్ ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతుంది, అందులో తెలుగు ఒకటి. అలాంటి బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఇప్పుడు నా గడప తొక్కేది వేరే రకం విద్యార్థులు. మీడియా, జెండర్, డిజిటల్ సంస్కృతి అంటూ ఒక పరిశోధన అంశం పట్టుకుని వస్తారు, ‘టీచరమ్మా, నలుగురు ఆడవాళ్ళతో మాట్లాడించండి’ అంటారు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళున్నారు, ఇక్కడే సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ లైబ్రరీకని వచ్చి మా వైపు తొంగిచూసేవాళ్ళున్నారు. వాళ్ళను వెంటబెట్టుకుని తిరుగుతూ చెప్పిన మాటలే ఇవి. ఒక వరసలో లేకపోతే సర్దుకోండి.

1. బొమ్మ కంటే ముందు చీరను చూడండి.

మన వైపు పెళ్ళిళ్ళలో పెట్టుబడికి కొనే సూరత్ చీర మీద, ప్లాస్టిక్ కవరు లోపల, ఒక అట్ట బొమ్మ ఉంటుంది. సినిమా తారో, ఆ పోలికలున్న అమ్మాయో. చీరకు పేరు కూడా ఏ సీరియల్ నాయికదో పెడతారు. పరిశోధనకు వచ్చిన పిల్లలు ఈ బొమ్మ దగ్గరే ఆగిపోతారు. నడుము ఎంత కనిపించింది, చూపు ఎటుంది, నిలబడిన తీరులో లొంగుబాటు ఉందా అని పేజీలకు పేజీలు రాస్తారు. అది అవసరమే. కానీ ఆ బొమ్మ ఆ చీర మీదికి ఏ దారిన వచ్చిందో అడిగినవాళ్ళు తక్కువ.

సాంచె మీద నేసిన గ్రే బట్ట మిల్లుకు పోతుంది. రంగు, అచ్చు పడి రింగ్ రోడ్డు మార్కెట్‌కు చేరుతుంది. అక్కడి నుంచి మూటలు కట్టి ఆటోల్లో మా గల్లీలకు వస్తాయి. ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించడం, టిక్కీలు అంటించడం, లేసు కుట్టడం అంతా ఇళ్ళలో ఆడవాళ్ళే చేస్తారు, చీరకు ఇంత అని. ఒకామె దారాలు కత్తిరించేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి. చీరను తిరగేసి ఒళ్ళో వేసుకుంటుంది, ఎడమ చేత్తో బట్టను లాగి పట్టుకుంటుంది, కుడిచేతిలో చిన్న కత్తెర ఆగదు. పువ్వుకూ పువ్వుకూ మధ్య సాగిన దారాన్ని తెంపుకుంటూ పోతుంది. బట్టకు కన్నం పడితే కూలి కోత. ఆమెకు కనిపించేది ఎప్పుడూ చీర వెనక వైపే. ముఖం వైపు చూసే పని ఆమెకు లేదు. అది కొనేవాళ్ళది, బొమ్మలో కట్టుకున్న అమ్మాయిది.

ఇదివరకు మోడల్‌కు ఒక చీర కట్టి ఫొటో తీసి, మిగతా డిజైన్లన్నీ కంప్యూటర్‌లో అదే ఒంటి మీద మార్చేసేవారు. ఇప్పుడు ఆ మోడల్‌తోనూ పనిలేకుండా కృత్రిమ మేధతో మనిషినే పుట్టిస్తున్నారు. ఆ అమ్మాయి కూలి పోయింది. ఆమె తెల్లతోలు మాత్రం పోలేదు, బొమ్మలో అలాగే ఉంది. మీ పరిశోధనకు ప్రశ్న కావాలంటే ఇక్కడుంది: ఈ చీరతో సంబంధం ఉన్న ఆడవాళ్ళలో ఎవరి ముఖం పైకొచ్చింది, ఎవరి చేతులు కిందికి పోయాయి, ఎవరికి ఎంత ముట్టింది?

2. పుస్తకాలు చదవండి, పస్తాపూర్ కూడా చదవండి.

సినిమా కెమెరా మగవాడి కళ్ళతో ఆడదాన్ని చూస్తుందని లారా మల్వీ 1975లో రాసింది. ఆ తెర మీద తాను లేనే లేనని తెలిసిన నల్లజాతి స్త్రీ అదే సినిమాను ఎలా ఎదిరించి చూస్తుందో బెల్ హుక్స్ 1992లో రాసింది. రెండూ చదవకుండా ఈ రంగంలోకి దిగొద్దు. అయితే నా దగ్గరికి వచ్చే పిల్లల గ్రంథసూచి వీళ్ళతో మొదలై వీళ్ళతోనే ముగుస్తుంది, నా ఫిర్యాదు అదీ.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దాని సంఘాల్లోని ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, బడి ముఖం చూడనివాళ్ళు కూడా, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. విత్తనాల మీద, పంటల మీద, తమ ఊళ్ళ మీద సినిమాలు తీశారు. షాట్లకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు వినండి. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్, దొర అరుగు మీద నిలబడి చూసినట్టు. కింది నుంచి పైకి చూసేది జీతగాడు దొర ముందు నిలబడ్డ చూపు. ఎదుటి మనిషి కళ్ళకు సమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్, అందరూ చాప మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు. తాము ఎక్కువగా తీయాల్సింది సంఘం షాటే అని వాళ్ళు తేల్చుకున్నారు.

ఇది సిద్ధాంతం కాదా? మల్వీ చెప్పిన చూపులో ఆడ, మగ ఉన్నారు. పస్తాపూర్ చూపులో ఆడ, మగతో పాటు భూమి ఉంది, కులం ఉంది, చూపు ఎత్తు ఉంది. పై నుంచి చూసేది ఎప్పుడూ మగవాడే కాడు, పటేలమ్మ కూడా కావచ్చు. రిపోర్టులో మల్వీకి ఫుట్‌నోట్ ఇస్తారు, వీళ్ళకు మాత్రం ‘గ్రామీణ మహిళల ప్రయత్నం’ అని ఒక వాక్యం పడేస్తారు. ఆ సంఘాల ఆడవాళ్ళే 2008 అక్టోబర్ 15న మాచనూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు. దేశంలో దళిత స్త్రీల చేతుల్లో నడిచిన తొలి కమ్యూనిటీ రేడియో అది.

గుజరాత్‌లోనూ ఇలాంటి కథ ఉంది. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో స్థాపించిన స్వయం ఉపాధి స్త్రీల సంఘం ‘సేవా’ 1984లోనే వీడియో సేవా మొదలుపెట్టింది. కూరగాయలమ్ముకునే ఆడవాళ్ళు కెమెరా భుజాన వేసుకున్నారు. అప్పటికి మన ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో టీవీయే లేదు.

3. ‘ఫోను ఉందా’ అని అడగొద్దు, ‘ఎవరి ఫోను’ అని అడగండి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు దాదాపు 54 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 33 శాతం, మగవాళ్ళు 57 శాతం. అంకెలు మంచివే, కాని అవి గల్లీలోకి రావు.

సాంచెల కార్ఖానాల్లో షిఫ్టు పన్నెండు గంటలు. ఇంటాయన రాత్రి షిఫ్టుకు పోతే ఫోను ఆయన జేబులో పోతుంది. పొద్దున వచ్చి పడుకుంటే ఫోను ఆయన దిండు పక్కన చార్జింగ్‌లో ఉంటుంది. ఆయన గురక మొదలయ్యాక, తీగ లాగకుండా, శబ్దం తగ్గించి, ఆమె వీడియోలు చూస్తుంది. పిల్ల బడి గ్రూపులో వచ్చిన మెసేజీ చదువుతుంది, మూట పని ఇచ్చే సేటు పంపిన కొత్త పని ఫొటో చూస్తుంది. పదిహేను నిమిషాలో, ఇరవయ్యో. ఆ తర్వాత హిస్టరీ చెరిపేస్తుంది. మీ ప్రశ్నాపత్రంలో ‘రోజుకు ఎన్ని గంటలు సోషల్ మీడియా వాడతారు’ అని ఉంటుంది. ఆమె ‘నాకు ఫోను లేదు బిడ్డా’ అంటుంది. ఆ మాట అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మీరు పట్టుకోవాల్సింది ఆ మధ్యలో ఉన్నదాన్నే.

2019 జులైలో ఇదే రాష్ట్రంలో, బనాస్‌కాంఠా జిల్లా దాంతీవాడా తాలూకాలో, పన్నెండు ఊళ్ళ కులపెద్దలు కూర్చుని పెళ్ళికాని అమ్మాయిలు ఫోను వాడకూడదని తీర్మానం చేశారు. తప్పితే తల్లిదండ్రులదే పూచీ. పత్రికలన్నీ రాశాయి. మా వాళ్ళు చదివి ‘ఎంత అన్యాయం’ అన్నారు. మా ఇళ్ళల్లో తీర్మానం దాకా పోవాల్సిన పని పడదు, అన్న కళ్ళెర్రజేస్తే చాలు.

ఇక ‘ఫోనుతో మహిళా సాధికారత’ అని రాసే పిల్లలకో మాట. వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపి అమ్మే ఆడవాళ్ళు మా గల్లీలో చాలామందే. 2015లో వచ్చిన మీషో లాంటి ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలు మొదట్లో పెరిగింది ఇలాంటివాళ్ళ మీదే. ఆమె పెట్టే పెట్టుబడి ఏమిటో లెక్కేయండి. సిరిసిల్లలో పిన్ని కూతురు, భివండీలో ఆడబిడ్డ, షోలాపూర్‌లో మేనత్త. చీర రంగు ఫొటోలో ఒకలా, చేతికి వచ్చాక ఒకలా ఉంటే కంపెనీకి పోయేది ఒక రిటర్ను, ఆమెకు పోయేది ఒక చుట్టరికం. రాబడి ఉంది, కాదనను. సొంతంగా ఫోను కొనుక్కున్నవాళ్ళు నాకు తెలుసు. ఖర్చు పద్దు కూడా రాయండి అంటున్నాను, అంతే.

4. రంగు గురించి అడిగితే నవ్వేస్తారు, నవ్వనివ్వండి, మళ్ళీ అడగండి.

మల్వీ వ్యాసం అచ్చయిన 1975లోనే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ బజారులోకి వచ్చింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ప్రపంచమంతా జాతివివక్ష గురించి మాట్లాడుతుంటే, 2020లో ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసి ‘గ్లో’ చేర్చారు. ట్యూబు మీద పేరు మారింది. సంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో ‘చామనఛాయ’ అని రాయడానికి ఇప్పటికీ తల్లుల చేయి వణుకుతుంది.

చాలా ఫోన్లలో సెల్ఫీ తీస్తే అందం పేరుతో చర్మం దానంతటదే తెల్లబడుతుంది. అది వద్దనుకుంటే సెట్టింగుల్లోకి పోయి ఆపుకోవాలి. యంత్రానికి కులం, జాతి ఉండవని మా వాళ్ళ నమ్మకం. కానీ 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. తెల్లటి మగవాళ్ళ విషయంలో తప్పులు ఒక శాతం లోపే. ముదురు రంగు స్త్రీల విషయంలో దాదాపు 35 శాతం దాకా. వాటికి నేర్పడానికి, వాటిని పరీక్షించడానికి వాడుతూ వచ్చిన ఫొటోల్లో తెల్లటి ముఖాలే ఎక్కువ. మా గల్లీ అమ్మాయిల ముఖం ఆ లెక్కలో ఎక్కడుంటుందో మీరే ఊహించుకోండి.

5. అశ్లీలం దగ్గరే ఆగిపోవద్దు.

1974లో హైదరాబాద్‌లో పుట్టిన ప్రగతిశీల మహిళా సంఘం ఆడపిల్లలు గోడల మీది అసభ్య పోస్టర్లకు ఎదురు నిలిచారు. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టానికి కనిపించేది ఒంటి మీద గుడ్డ ఎంత ఉందన్నదే. నిండా చీర కట్టి, తలొంచి, అత్తకు కాఫీ ఇచ్చే బొమ్మ మీద దానికి అభ్యంతరం లేదు. మా గల్లీలో ఎక్కువ హాని చేసిన బొమ్మ అదేనని నా అభిప్రాయం.

6. ‘స్త్రీలు’ అని బహువచనం రాయగానే పని అయిపోయిందనుకోవద్దు.

2022 జనవరి 1న, కొత్త సంవత్సరం పొద్దున, బుల్లీ బాయి పేరుతో ఒక యాప్ బయటపడింది. ముస్లిం స్త్రీల ఫొటోలు దొంగిలించి వాళ్ళను ‘వేలానికి’ పెట్టారు. అందులో జర్నలిస్టులున్నారు, ఉద్యమకారులున్నారు. అంతకుముందు 2021లో ఇదే తీరుగా సుల్లీ డీల్స్. ఆ దాడి ‘స్త్రీల’ మీద జరగలేదు, ముస్లిం స్త్రీల మీద జరిగింది. ‘ఆన్‌లైన్‌లో మహిళల వేధింపు’ అని పెద్ద గొడుగు కిందికి చేర్చేస్తే జరిగినదాంట్లో సగం మాయమవుతుంది.

తెలుగులో ఈ గొడవ కొత్తది కాదు. 1993లో ‘నీలి మేఘాలు’ సంకలనం వచ్చినప్పుడు స్త్రీవాదం పేరు ఇంటింటా వినిపించింది. అందులో మేమెక్కడ అని దళిత స్త్రీలు అడుగుతూ వచ్చారు. 2003లో గోగు శ్యామల ‘నల్లపొద్దు’ తెచ్చి 1921 నుంచి రాస్తున్న దళిత స్త్రీలను ఒకచోట కూర్చింది. అంటే లేకపోవడం కాదు, చూడకపోవడం. మా గల్లీలోనూ అంతే. మీకు నేను పరిచయం చేసే నలుగురూ మా పద్మశాలి ఆడవాళ్ళే అవుతారు, ఎందుకంటే నా కాళ్ళు ఆ ఇళ్ళకే పోతాయి. అదే మూట పని చేసే ఒడియా, మరాఠీ, ముస్లిం ఆడవాళ్ళు రెండు గల్లీల అవతల ఉన్నారు. ‘టీచరమ్మా, అటు కూడా పోదాం’ అని మీరే నన్ను లాగాలి.

7. ఆమె గురించి ఎంత రాశారో కాదు, ఆమె ఎంత మాట్లాడిందో చూడండి.

సూరత్‌కు సంబంధించిన పాత కేసొకటి చెబుతాను. ఇక్కడి వైష్ణవ మఠానికి చెందిన జదునాథ్‌జీ మహారాజ్ 1860లో బొంబాయి వెళ్ళాడు. మన సూరత్‌వాడే అయిన కవి నర్మద్ వితంతు వివాహం విషయమై ఆయనతో వాదానికి దిగాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ‘సత్యప్రకాశ్’ పత్రికలో దాని సంపాదకుడు కర్సన్‌దాస్ మూల్జీ, భక్తుల ఇళ్ళ ఆడవాళ్ళతో మహారాజులనబడే మఠాధిపతుల నడవడి బాగోలేదని రాశాడు. మహారాజ్ పరువునష్టం దావా వేశాడు. 1862 ఏప్రిల్‌లో తీర్పు పత్రికకు అనుకూలంగా వచ్చింది. దేశంలో పత్రికా స్వేచ్ఛ చరిత్రలో ఆ కేసుకు పెద్దపీట. 2024లో సినిమా కూడా వచ్చింది.

గొప్ప కేసే. కానీ ఆ కాగితాలు చదివినప్పుడు వినిపించే గొంతులు ఎవరివి? సంపాదకుడిది, మఠాధిపతిది, భావు దాజీ లాంటి డాక్టర్లది, లాయర్లది, జడ్జీలది. గొడవంతా ఎవరి గురించి జరిగిందో ఆ స్త్రీలు ఏమనుకున్నారో ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు. ఈనాటి టీవీ చర్చ పెట్టుకుని ఇదే కొలత వేయండి. నలుగురు కూర్చుని ఆడపిల్ల దుస్తుల గురించి అరుస్తుంటారు, ఆడపిల్ల మాత్రం తెర మూలన ఫొటోగా ఉంటుంది.

8. టేపు తిరగనివ్వండి.

1986లో స్త్రీవాద బృందం స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను, మల్లు స్వరాజ్యం వంటివాళ్ళను, కలిసి, కూర్చుని, మాట్లాడించి, వాళ్ళ మాటల్లోనే అచ్చు వేశారు. పార్టీ చరిత్రల్లో లేనివి అందులో దొరికాయి: అజ్ఞాతవాసంలో బిడ్డను ఎక్కడ వదిలిపెట్టారు, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మంటే ఎలా అనిపించింది. ప్రశ్న అడిగి జవాబు రాగానే తర్వాతి ప్రశ్నకు ఉరికేవాళ్ళకు ఇలాంటివి దొరకవు. అత్తగారు పక్కన ఉన్నంతసేపూ కోడలు సీరియల్ కథే చెబుతుంది. ఆ కథ తీసిపారేయకండి. కోడలు ఏ పాత్రను తిడుతోందో వినండి.

9. అనుమతి రెండుసార్లు అడగండి.

2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించారు. సాంచె చప్పుడు మధ్య పాటకు పెదవులు కదిపిన మా ఆడపిల్లల వీడియోలన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. దాచుకుని ఉంటే బాగుండేదని పరిశోధకులు బాధపడతారు. ఆ ఆడపిల్లల్లో మాత్రం, వీడియోలు పోయినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు మరి. అందుకే స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఒకసారి, అచ్చు వేసేముందు ఇంకోసారి అడగాలి. మధ్యలో ఆమె జీవితం మారి ఉంటుంది. పేరు మారిస్తే సరిపోతుందనుకోకండి, గోడ మీది క్యాలెండరు చూసి ఇల్లు గుర్తుపట్టేవాళ్ళున్నారు. రాసింది తెలుగులో రెండు పేజీలు చేసి ఆమెకు చదివి వినిపించండి. ‘ఇది నేననలే’ అంటే కొట్టేయండి.

10. ఆమె గంటకు కూలి కట్టండి.

దీని మీద ప్రొఫెసర్లతో నాకు పేచీ. డబ్బిస్తే జవాబు చెడిపోతుందంటారు. మీ ఫెలోషిప్పులో ప్రయాణానికి, హోటలుకు, ఫొటోస్టాట్‌కు పద్దు ఉంటుంది. మాట్లాడిన మనిషికి ఉండదు. సాయంత్రం మూట కోసం ఆటో వస్తుంది. గంటసేపు మీతో మాట్లాడితే అన్ని చీరల కూలి పోయినట్టే. డబ్బు ఇవ్వలేకపోతే కత్తెర పట్టుకుని పక్కన కూర్చోండి. మీరు కన్నం పెట్టకుండా చేయడం నేర్చుకునేదాకా ఆమె మిమ్మల్ని చూసి నవ్వుతుంది, ఆ నవ్వులో చాలా చెబుతుంది.

పరిశోధనకు వచ్చిన ఒకమ్మాయి నాతో గట్టిగానే వాదించింది. కూలి ఇస్తే తనకు నచ్చేదే చెబుతారు కదా అంది. ఇవ్వకపోతే ఏం చెబుతారో నేను చూశాను. తల ఎత్తకుండా, చేతిలో దారం తెంపుతూ, ‘ఇప్పుడు తీరదు బిడ్డా, రేపు రా’ అంటారు. రేపు కూడా అదే మాట. రిపోర్టులో దాన్ని ‘స్పందించలేదు’ అనే గడిలో వేసేస్తారు.